థాయిలాండ్ షో టికెట్లు అమ్మే ట్రావెల్ ఏజెన్సీలకు: ఆ వ్యాన్ కూడా మీదే

థాయిలాండ్ ప్యాకేజీలు, షో టికెట్లు అమ్మే ట్రావెల్ ఏజెన్సీల వారికీ, వారి తరఫున అక్కడ వ్యాన్లు తిప్పే ఆపరేటర్లకూ నమస్కారం.

“ఈవెనింగ్ క్యాబరే షో విత్ హోటల్ ట్రాన్స్‌ఫర్స్” అని మీ ప్యాకేజీ కాగితంలో ఒక లైను ఉంటుంది. పట్టాయ అయినా, ఫుకెట్ అయినా, బ్యాంకాక్ అయినా అదే లైను. టికెట్ అమ్మేటప్పుడు ఆ ట్రాన్స్‌ఫర్, అంటే హోటల్ నుంచి థియేటర్‌కి తీసుకెళ్లి తిరిగి దింపే వ్యాన్, మీదే. “మీరు లాబీలో కూర్చుంటే చాలు సార్, అంతా మావాళ్లే చూసుకుంటారు” అంటారు. వ్యాన్ ఆలస్యమైనా, అసలు రాకపోయినా, తిరుగు ప్రయాణంలో హోటల్‌కి అవతల ఎక్కడో దింపేసినా అది మాత్రం “లోకల్ సప్లయర్ ఇష్యూ” అయిపోతుంది. డబ్బు తీసుకున్నది మీరు. కాబట్టి ఆ వ్యాన్ కూడా మీదేనని ఒప్పుకోండి. నేను అడిగేది ముఖ్యంగా ఇదే, మిగతావన్నీ దాని వెనకాల వచ్చేవే.

షో మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పట్టాయలో టిఫనీస్ షో 1974లో, అల్కజార్ షో 1981లో మొదలయ్యాయి. బ్యాంకాక్‌లో కాలిప్సో 1988లో, ఫుకెట్‌లో సైమన్ క్యాబరే 1991లో వచ్చాయి. కోవిడ్ నాటి విరామం తీసేస్తే ఇన్నేళ్లుగా రాత్రిళ్లు తెర లేపుతున్నవాళ్లకి టైమింగ్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. గంట, గంటంపావు షో. ట్రాన్స్‌జెండర్ కళాకారులు ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య రెండు నిమిషాల్లో వేషం మార్చుకుని, తలమీద ఈకల కిరీటాలతో, పాటకి పెదవులు కలుపుతూ వచ్చేస్తారు. ఓ కొరియన్ పాట, ఓ చైనీస్ పాట, మధ్యలో చాలాసార్లు ఓ హిందీ పాట కూడా. అప్పుడు హాల్లో మనవాళ్లు ఎక్కడెక్కడ కూర్చున్నారో ఈలల్ని బట్టే తెలిసిపోతుంది. ట్రాన్స్‌జెండర్ మహిళల అందాల పోటీ అయిన మిస్ ఇంటర్నేషనల్ క్వీన్ 2004లో మొదలైంది పట్టాయలోనే, టిఫనీస్ వేదిక మీదే.

ఇక్కడే ఇంకో మాట కూడా అనేస్తాను. క్యాబరే అనగానే మన పెద్దవాళ్లకి జ్యోతిలక్ష్మి, జయమాలిని పాటలు గుర్తొచ్చి కాస్త మొహమాటపడతారు. మీ కౌంటర్లో కూర్చున్న కుర్రాళ్లు ఆ మొహమాటం పోగొట్టకపోగా “అదో టైపు షో సార్” అని ముసిముసిగా నవ్వుతారు. ఆ పెద్ద థియేటర్లలో ఆడేది పిల్లాపాపలతో కుటుంబాలు కూర్చుని చూసే షో. ఏళ్ల తరబడి సాధన చేసి దాని మీద బతుకుతున్న మనుషుల్ని వెటకారంగా అమ్మడం ఏం వ్యాపారం? సరే, అది పక్కన పెడదాం.

వ్యాన్ సంగతికొస్తాను. అత్తయ్యను, మామయ్యను తీసుకుని పట్టాయ వెళ్లినప్పుడు మేము జోమ్‌టియన్ బీచ్ దగ్గర దిగాం. ఏడు గంటల షో. మీలాంటి ఒక ఏజెన్సీ ఇచ్చిన వోచర్ మీద పికప్ 5.45 నుంచి 6.15 మధ్య అని ఉంది. అత్తయ్య పట్టుచీర కట్టుకుని ఐదున్నరకే లాబీలో సోఫా ఎక్కేసింది. 6.15 దాటాక వాట్సాప్‌లో అడిగితే “ఆన్ ద వే సార్, టెన్షన్ పడకండి” అని జవాబు, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. వ్యాన్ 6.40కి వచ్చింది. డ్రైవర్ దిగి, వోచర్ వంక చూడనైనా చూడకుండా తలా ఒక గుండ్రటి స్టిక్కర్ అంటించాడు. నాకూ మామయ్యకీ చొక్కా మీద, అత్తయ్యకి పైట మీద. మామయ్యవి అరిగిపోయిన మోకాళ్లు, ఆ వ్యాన్ మెట్టేమో ఎత్తు, ముందు సీట్లు అప్పటికే నిండిపోయాయి. ఆయన వంగి, సీట్లు పట్టుకుంటూ చివరి వరుసదాకా వెళ్లాడు. థియేటర్‌కే వెళ్తాం అనుకున్నాం. ఇంకో రెండు హోటళ్లు తిరిగాం.

లోపలికి వెళ్లేసరికి దీపాలు ఆర్పేశారు. టార్చిలైట్ పట్టుకున్న అమ్మాయి మా వీఐపీ టికెట్లు చూసి, ముందు వరుసల వైపు ఒకసారి చూసి, మమ్మల్ని పక్క గోడవారగా కూర్చోబెట్టింది. ఆలస్యంగా వచ్చినవాళ్లని మధ్యలోంచి నడిపిస్తే మిగతావాళ్లకి ఇబ్బంది కాబట్టి ఆ అమ్మాయిని తప్పుపట్టను.

షో అయ్యాక అసలు కథ. బయట పార్కింగ్ నిండా తెల్ల వ్యాన్లే. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇంజిన్లు ఆన్‌లోనే ఉన్నాయి. నంబర్ ప్లేటు మీద థాయ్ అక్షరాలు మేం చదవలేం. మా డ్రైవర్ కనిపించాడు కానీ స్టిక్కర్ చూపించమన్నాడు. పట్టుచీర మీద ఆ జిగురు ఎంతసేపు నిలుస్తుంది? అత్తయ్య స్టిక్కర్ హాల్లోనే ఎక్కడో రాలిపోయింది. స్టిక్కర్ లేదు కాబట్టి ఈవిడ మా ప్యాసింజర్ కాదంటాడు. వోచర్ చూపిస్తే అది తనకి సంబంధం లేదంటాడు. చివరికి వ్యాన్‌లో ఉన్న ఒక గుజరాతీ కుటుంబం “వాళ్లూ మాతోనే వచ్చారు” అని చెబితే ఎక్కనిచ్చాడు. మా ప్రయాణానికి సాక్ష్యం చెప్పింది మీరు కాదు, వాళ్లు.

తిరిగొచ్చాక ట్రాన్స్‌ఫర్ డబ్బు, వీఐపీ తేడా డబ్బు వెనక్కి అడిగాను. వచ్చిన జవాబు: “షో అయితే చూశారు కదా సార్.”

ఆ ఒక్క ఏజెన్సీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. తర్వాత ఇంకొన్ని ఏజెన్సీల వోచర్లు తెప్పించుకుని చదివాను. అన్నింట్లోనూ చిన్నక్షరాల్లో ఇంచుమించు ఒకటే రాత. వ్యాన్ వచ్చాక కొద్ది నిమిషాలే ఆగుతుంది. ప్రయాణికుడు కనపడకపోతే అది నో షో, డబ్బు తిరిగి రాదు. మరి ప్రయాణికుడు ఉండి వ్యాన్ కనపడకపోతే? దానికి ఒక్క లైను లేదు. మేం ఆలస్యమైతే జరిమానా, మీరు ఆలస్యమైతే చేతులు జోడించిన బొమ్మ. ఒకే కాగితం మీద రెండు న్యాయాలు ఎలా పెడతారు?

ఆలస్యం ఎందుకవుతుందో మీకు తెలియక కాదు. మాకంటే బాగా తెలుసు. మీరు చౌకగా ఇచ్చేది ఎస్.ఐ.సి. బేసిస్, అంటే వ్యాన్ కాదు, వ్యాన్‌లో ఒక సీటు. ఆ వ్యాన్ వరసగా హోటళ్లు చుట్టుకుంటూ వెళ్తుంది. ముందు ఎక్కినవాడు అందరికంటే ఎక్కువసేపు కూర్చోవాలి. పైగా పట్టాయ రోడ్ల సంగతి ఉంది. బీచ్ రోడ్ ఉత్తరం నుంచి దక్షిణానికి వన్‌వే, సెకండ్ రోడ్ దక్షిణం నుంచి ఉత్తరానికి వన్‌వే. టిఫనీస్, అల్కజార్ రెండూ సెకండ్ రోడ్ మీదే. ఒక హోటల్ మిస్సయితే వెనక్కి తిరగడం ఉండదు, మళ్లీ పెద్ద చుట్టు చుట్టాల్సిందే. వాకింగ్ స్ట్రీట్‌లోకి సాయంత్రమైతే బళ్లే రానివ్వరు, ఆ పక్క హోటళ్లవాళ్లు నడిచి మెయిన్ రోడ్డుకి రావాలి. ఇవి రోజూ ఉండేవే. రోజూ ఉండేదాన్ని “అనుకోని ట్రాఫిక్” అంటే ఎవరు నమ్ముతారు? దక్షిణాన ఉన్న జోమ్‌టియన్‌కీ ఉత్తరాన ఉన్న నక్లువాకీ ఒకే పికప్ టైము వోచర్‌లో వేసినప్పుడే అది కుదరదని మీకు తెలుసు.

నిజానికి కొందరికి మీరు ట్రాన్స్‌ఫర్ అమ్మకూడదు. సెకండ్ రోడ్ మీదే దిగినవాడికి థియేటర్ నడక దూరంలోనే ఉండొచ్చు, లేదా రోడ్డు మీద అటుగా వెళ్లే బాట్ బస్సు, అంటే సాంగ్‌తావ్ అనే షేర్ బండి, చేయెత్తితే ఆగుతుంది, దిగాలంటే బెల్లు కొడితే చాలు. గ్రాబ్, బోల్ట్ యాప్ టాక్సీలు కూడా దొరుకుతాయి. అలాంటివాడిని గంట ముందు లాబీలో కూర్చోబెట్టి, ఊరంతా తిప్పి, పక్క వీధిలో ఉన్న థియేటర్‌కి తీసుకెళ్లడం సేవ అనిపించుకోదు. బ్యాంకాక్‌లోనూ అంతే. కాలిప్సో ఉన్నది నది ఒడ్డున ఏషియాటిక్ అనే షాపింగ్ ప్రాంగణంలో. సాయంత్రం పూట సుఖుంవిత్ ప్రాంతం నుంచి వ్యాన్‌లో బయల్దేరితే ఎప్పటికి చేరతామో దేవుడికే తెలియాలి. స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌కి వెళ్లి, పక్కనే సాథోర్న్ రేవులో పడవ ఎక్కితే ప్రయాణం కూడా సరదాగా ఉంటుంది. “మీ హోటల్‌కి ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదండీ, టికెట్ ఒక్కటే తీసుకోండి” అని ఒక్క ఏజెంట్ చెబితే, జన్మంతా అతని దగ్గరే కొంటాను.

ఫుకెట్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ట్రాన్స్‌ఫర్ నిజంగా కావాలి. సైమన్ థియేటర్ ఉన్నది పటాంగ్ దక్షిణ కొసన, కరోన్ వెళ్లే దారిలో. పటాంగ్, కరోన్, కటా బీచ్‌లలో దిగినవాళ్లకి పర్వాలేదు. ఎయిర్‌పోర్ట్ పక్కన మై ఖావ్‌లోనో, దక్షిణాన రవాయ్‌లోనో దిగినవాళ్లకి అది దూరాభారం. టాక్సీ ఛార్జీలు చూస్తే షో టికెట్టే చౌక అనిపిస్తుంది. ఫుకెట్ టౌన్‌లోంచి పటాంగ్ రావాలంటే ఘాట్ రోడ్డు, నిటారు మలుపులు. 2022 అక్టోబర్‌లో భారీ వర్షాలకి ఆ రోడ్డులో ఒక భాగం కుంగిపోయి రాకపోకలు ఆగిపోయాయి కూడా. అలాంటిచోట మీ వ్యాన్ దొరకడం మాకు వరమే. కానీ మీరేం చేస్తారు? ముందు ఒక ధర చూపిస్తారు, డబ్బు కట్టించుకుంటారు, ప్రయాణం ముందురోజు “మీ హోటల్ ఫ్రీ జోన్ బయట ఉంది సార్, మనిషికి ఇంత ఎక్స్‌ట్రా, డ్రైవర్‌కి బాట్‌లలో ఇచ్చేయండి” అని మెసేజ్ పెడతారు. హోటల్ పేరు మీకు బుకింగ్ రోజే తెలుసు. ఆ హోటల్ బుక్ చేసింది కూడా చాలాసార్లు మీరే!

ఇంకా ఘోరమైనది ఒకటుంది, దాన్ని మీరు తప్పుగా కూడా చూడరు. మన దగ్గర్నుంచి బ్యాంకాక్ వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి అటూ ఇటూ బయల్దేరి తెల్లవారుజామున దింపుతాయి. అక్కడి సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచి పట్టాయ దాదాపు 120 కిలోమీటర్లు, రెండు గంటల దారి. హోటల్‌లో చెక్-ఇన్ మధ్యాహ్నం రెండింటికి. రాత్రంతా నిద్రలేని మనుషులు పొద్దుటినుంచి సూట్‌కేసుల మీద కూర్చుని ఉంటారు. ఆ రోజు సాయంత్రమే మీరు క్యాబరే షో పెడతారు. ఏ ప్యాకేజీ తీసినా డే వన్ కింద అదే. ఎందుకో అందరికీ తెలుసు: మొదటి రోజు ఖాళీగా కనిపిస్తే ప్యాకేజీ బరువుగా ఉండదు. వీఐపీ సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయిన మనుషుల్ని నేను కళ్లారా చూశాను, వాళ్ల చుట్టూ అంత వెలుగు, అంత సంగీతం. దాన్ని రెండో రోజుకో, కోరల్ ఐలాండ్ పడవ ట్రిప్పు లేని రోజుకో మార్చడానికి మీకు పైసా ఖర్చు లేదు. మార్చండి.

సరే, ఏం చేయమంటావు అంటారా? పెద్ద పెద్ద కోరికలేమీ లేవు. డబ్బు కట్టకముందే మా హోటల్ పేరు తీసుకుని, ఆ హోటల్‌కి వర్తించే పూర్తి ధర చెప్పండి, జోన్ ఎక్స్‌ట్రాతో సహా. ట్రాన్స్‌ఫర్ ధర విడిగా చూపించండి, వద్దనుకునేవాళ్లకి తీసేసుకునే వీలుండాలి. వోచర్ మీద పికప్ టైముతోపాటు “ఇన్ని గంటలకల్లా థియేటర్ చేరుస్తాం” అన్న టైము కూడా రాయండి. మాకు కావలసింది నిజానికి ఆ రెండోదే. ప్రయాణం రోజు మధ్యాహ్నానికల్లా బండి నంబర్ ప్లేటు ఫోటో పంపండి, అక్షరాలు చదవలేకపోయినా బొమ్మ పోల్చుకోగలం. అక్కడి డ్రైవర్లు లైన్ అనే మెసేజింగ్ యాప్‌లో ఉంటారు, మనవాళ్లు వాట్సాప్‌లో ఉంటారు. ఈ ఇద్దరి మధ్య సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది వరకు ఫోన్ ఎత్తే మనిషి ఒకరు మీ తరఫున ఉండాలి, ఆఫీసు టైమ్ అయిపోయిందని ఫోన్ కట్టేసే మనిషి కాదు. ఇలాంటి షోలన్నీ సాయంత్రాలే ఉంటాయన్న సంగతి మీకు గుర్తుచేయాలా?

టైము అన్నాను కాబట్టి చెబుతున్నాను. థాయిలాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందు. మీ యాప్‌లు బుకింగ్ అవగానే ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేస్తాయి, అదీ ఇండియా టైములో. ఇక్కడ 5.45 అని సేవ్ అయినది, అక్కడ దిగి ఫోన్ లోకల్ టైముకి మారగానే 7.15 అని చూపిస్తుంది. దాన్ని నమ్మి స్నానానికి వెళ్లినవాడు నో షో కింద డబ్బు పోగొట్టుకుంటాడు. ఇది సరిచేయడానికి మీ సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఒక పూట చాలు.

వ్యాన్ ఆలస్యమై షో మొదలైపోతే ఏం చేయాలన్నదానికి కూడా మార్గం ఉంది. ఆ థియేటర్లలో ఒక రాత్రికి ఒక్క షోనే కాదు, సాధారణంగా రెండు మూడు ఉంటాయి. తర్వాతి షోలో సీట్లుంటే మార్పించండి, మమ్మల్ని ఆ రాత్రి దింపే బాధ్యత కూడా తీసుకోండి. సీట్లు లేకపోతే డబ్బు వెనక్కివ్వండి, ట్రాన్స్‌ఫర్ ఒక్కదానిదే కాదు, మొత్తం. వీఐపీ అని అమ్మితే ఎన్నో వరుస, మధ్యనా పక్కనా అన్నది రాయండి. ఒక్కో థియేటర్‌లో వీఐపీ అంటే ఒక్కో అర్థం. పెద్దవాళ్లుంటే వ్యాన్‌లో ముందు సీటు అడిగే గడి ఒకటి బుకింగ్ ఫారంలో పెట్టండి. మామయ్య మోకాళ్ల గురించి నేను డ్రైవర్‌కి సైగలతో చెప్పుకోవాల్సిన పని లేకుండా పోతుంది.

ఫోటోల సంగతి కూడా ముందే చెప్పాలి. షో అయ్యాక కళాకారులు అవే దుస్తుల్లో బయట నిలబడతారు. వాళ్లతో ఫోటో దిగితే టిప్ ఇవ్వాలి, పక్కన ఇద్దరు నిలబడితే ఇద్దరికీ ఇవ్వాలి. ఇది వాళ్ల సంపాదనలో భాగం, తప్పేం లేదు. ముందే తెలిస్తే మనవాళ్లు జేబులో చిన్న నోట్లు పెట్టుకుని వెళ్తారు. తెలియక ఫోటో దిగేసి, తర్వాత “మోసం” అని గొడవపడే మనవాళ్లని చూస్తే సిగ్గేస్తుంది. కొన్ని హాళ్లలో షో నడుస్తుండగా ఫోటోలు, వీడియోలు తీయనివ్వరు, అదీ వోచర్‌లో ఒక లైను చాలు. ఫోటోలకి కాస్త సమయం కూడా కలిపి డ్రాప్ టైము వేస్తే, వ్యాన్‌లో అందరూ ఒక కొత్తజంట కోసం ఎదురుచూస్తూ కూర్చునే బాధ తప్పుతుంది.

చివరిది అక్కడి ఆపరేటర్ల గురించి. థాయిలాండ్‌లో 2008లో చేసిన టూరిజం బిజినెస్ అండ్ గైడ్ చట్టం ప్రకారం టూర్ వ్యాపారం చేసేవాళ్లు అక్కడి టూరిజం డిపార్ట్‌మెంట్‌లో రిజిస్టర్ అవ్వాలి, డిపాజిట్ కట్టాలి. మా వ్యాన్ ఎవరిదో, వాళ్ల పేరు, లైసెన్స్ నంబర్ వోచర్ మీద వేయండి. వాళ్లతో ఒప్పందం చేసుకున్నది మీరే కాబట్టి ఆ నంబర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. లేదంటే మీరు ఎవరితో పనిచేస్తున్నారో మీకే తెలియదని అర్థం. దాని కిందనే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155 కూడా వేయండి. రాత్రి తొమ్మిదింటికి పార్కింగ్‌లో అత్తయ్యతో నిలబడినప్పుడు ఆ నాలుగంకెలు నా దగ్గర ఉన్నా బాగుండేది.

నవంబర్ నుంచి అక్కడ సీజన్, మీ కొత్త రేట్లు, కొత్త బ్రోషర్లు అప్పటికి ఎలాగూ అచ్చవుతాయి. పాత వోచర్ నమూనా మార్చడానికి అదే సమయం. మా ఆఫీసు వాళ్లం కొన్ని కుటుంబాలం కలిసి ఫిబ్రవరిలో పట్టాయ, ఫుకెట్ అనుకుంటున్నాం, అడ్వాన్స్ ఇంకా ఎవరికీ కట్టలేదు. మార్చిన వోచర్ నమూనా ముందుగా ఎవరు పంపితే వాళ్లతో మాట్లాడతాం.

ఇట్లు,
మీ దగ్గర టికెట్లు కొనే ఒక ప్రయాణికుడు